ఆడపిల్లల తోవ

నాంపల్లి, హైదరాబాదు
జూన్ 14, 1964

అన్నకు,
ప్రభావతి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు కాబట్టి ఆ ముక్క వదిలేసి అసలు సంగతికే వస్తున్నాను. మన కిషన్‌ను రైల్వేవాళ్ళు వద్దన్నారు.

రాతపరీక్ష పాసయ్యాడు, ఇంటర్వ్యూ పాసయ్యాడు. ఇక గార్డు ట్రైనింగుకు పోవడమే తరువాయి అనుకుని సుల్తాన్ బజార్‌లో వాడికి పరుపుచుట్ట కూడా కొన్నాను. చివర్లో కళ్ళ పరీక్ష పెట్టారు. డాక్టరు ముందర ఒక పుస్తకం పెట్టాడట. పేజీ నిండా రంగు రంగుల చుక్కలు, ఆ చుక్కల నడుమ ఒక అంకె. ఏం అంకె కనిపిస్తోందని అడిగితే మనవాడు, అంకె ఎక్కడుంది సార్, అన్నీ చుక్కలే కదా అన్నాడు. డాక్టరు పేజీ తిప్పాడు. మనవాడికి అక్కడా చుక్కలే. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా తెలియనివాడి చేతికి రైలు అప్పగించలేమని రాసి పంపించేశారు.

ఇంటికొచ్చి నన్ను అడిగాడు, “అమ్మా, నిజంగ గా చుక్కలల్ల నంబర్లుంటయా? డాక్టర్ మజాక్ చేస్తున్నడనుకున్న.” చూపుకు ఏ లోపమూ లేదు, దూరాన సైన్‌బోర్డు మీది అక్షరాలు నాకంటే ముందే చదువుతాడు. ఎరుపూ పచ్చా దగ్గరే వస్తుంది తంటా. ఇన్నేళ్ళు పెంచి నేను గమనించలేదు. వాడు నా పచ్చచీర తెమ్మంటే గోధుమరంగుది తెచ్చినప్పుడల్లా ధ్యాస లేదని తిట్టాను.

ఇక మా అత్తగారి సంగతి. మొదటి రోజు, “మా ఖాందాన్ల గిసువంటి కండ్లు ఎవ్వరికీ లెవ్వు, మీ దిక్కుకెల్లే వచ్చినయ్” అన్నది. మరునాడు ఆమే ఆలోచించుకుని, “ఇంటిపేరు మాది, గోత్రం మాది, తల్లి దిక్కుకెల్లి కండ్లెట్ల వస్తయి? ఎవరో దిష్టి పెట్టిన్రు” అని ఎండుమిరపకాయలు పట్టుకుని వాడి చుట్టూ తిరిగింది. మా ఆయన పొద్దున్నే లక్డీకాపూల్‌లో తన ఆఫీసుకు పోయి, చీకటి పడ్డాక వస్తున్నారు.

నువ్వొక్క సంగతి చెప్పు. మన ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా? ఆబిడ్స్‌లో చీరల దుకాణం నడిపిన ఇల్లు మనది. నాయన దీపం వెలుగులో కూడా కుంకుమ ఎరుపుకూ దానిమ్మ ఎరుపుకూ తేడా చెప్పేవాడు. అటువంటి ఇంటి మనవడికి ఈ కళ్ళేమిటి?

ఎందుకు అడుగుతున్నానంటే మాఘంలో మా పిల్ల అహల్యకూ మీ రామచందర్‌కూ లగ్గం అనుకున్నాం కదా. ఏదో ఒక జవాబు చెప్పనిదే మా అత్తగారు పంతులును పిలవనిచ్చేలా లేదు. అహల్య మాత్రం నీ కొడుకు పేరు వినబడితే చాలు, వంటింట్లోకి పోతుంది. ఆ పూట అన్నం మాడుతుంది.
నీ చెల్లెలు
ప్రభావతి


హనుమకొండ
జూన్ 27, 1964

చి. ప్రభావతికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కిషన్ సంగతి చదివి బాధపడ్డాను. వాణ్ణి ఏమీ అనకండి. మనిషికి దారి ఒకటే ఉండదు. రైల్వేలోనే లెక్కల గుమాస్తా పనికి రంగులతో పని ఉండదంటారు, దానికి దరఖాస్తు పెట్టమను.

నువ్వు అడిగినదానికి జవాబు. మన వంశంలో ఎవరికీ అటువంటిది లేదు. నాయనకు లేదు. తాతకు లేదు. పెదనాయనకు గానీ, ఆయన కొడుకులు ఇద్దరికి గానీ లేదు. చిన్ననాయనకు చత్వారం తప్ప ఏమీ లేదు.

ఇక్కడ ఇంకా వాన పడలేదు. బడి తెరిచారు, ఈసారి తొమ్మిదో తరగతి లెక్కలు నాకే ఇచ్చారు. మా ఇంటి వెనుక గోడ మళ్ళీ బీటలిచ్చింది. మేస్త్రీ రేపు రేపంటున్నాడు.

మరొక మాట. రామచందర్ పెళ్ళి విషయంలో తొందర వద్దని అనిపిస్తున్నది. వాడి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అహల్యకు మంచి సంబంధం ఏదైనా వస్తే చూసుకోండి. నేనేమీ అనుకోను.
మీ వదిన అడిగినట్టు రాయమన్నది.
శ్యామ్‌సుందర్


నాంపల్లి
జూలై 5, 1964

అన్నా,

నేను కళ్ళ గురించి అడిగితే నువ్వు పెళ్ళి గురించి జవాబు రాశావు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

నేనేమీ అనుకోను అని రాశావు చూడు, ఆ మాట చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. మేము అనుకోమా? అహల్య పుట్టినప్పుడు పొత్తిళ్ళలో దాన్ని ఎత్తుకుని “నా కోడలు” అన్నది నువ్వు. వదిన దాని మెడలో గొలుసు వేసింది. ఇరవై ఏళ్ళు ఆ మాట మీద పెరిగిన పిల్ల అది. కిషన్‌కు కళ్ళు సరిగా లేవని మా ఇంటి పిల్లే వద్దనిపించిందా? అదే అయితే మొహం మీద చెప్పు. ఉద్యోగం పర్మనెంటు కాలేదట! నీ పెళ్ళినాటికి నీకు అసలు ఉద్యోగమే లేదు.

నీ ఉత్తరం అహల్య కూడా చదివింది. నేను దాచిపెట్టలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. అది ఏమన్నదో తెలుసా? “అమ్మా, మామ అందరి పేర్లు రాసిండు. తన పేరు రాయలే.”

నేను మళ్ళీ చదివాను. నిజమే. తాత, పెదనాయన, చిన్ననాయన చత్వారంతో సహా అందరూ ఉన్నారు. నువ్వు లేవు.

అన్నా, నువ్వు పందొమ్మిదేళ్ళకే దుకాణం వదిలి వరంగల్ బండి ఎందుకు ఎక్కావు? నాయనకూ నీకూ మాట వచ్చిందని అమ్మ చెప్పింది. ఏం మాటో చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్తే చెప్పు, లేకపోతే నీ ఇష్టం.
ప్రభావతి


హనుమకొండ
జూలై 16, 1964

ప్రభా,

నీ కూతురు పరీక్ష పేపర్లు దిద్దడానికి పనికొస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఒక్క చూపులో పట్టుకున్నది.

నాకు పందొమ్మిదో ఏట, బేగం బజార్‌లో కిరాణా సేఠ్ ఒకాయన ఇంట్లో పెళ్ళి. పెండ్లికూతురికి పెట్టే ఎర్రచీర పెట్టెలో కట్టి పంపమని నాయన నాకు చెప్పి భోజనానికి పోయాడు. నేను కట్టి పంపాను. సాయంత్రం ఆ సేఠ్ పెట్టె పట్టుకుని మనుషులను వెంటేసుకుని వచ్చాడు. నేను పంపింది ముదురు ఆకుపచ్చ. “పెండ్లికని అడిగితే మజాకా?” అని ఆయన, దుకాణం నిండా బేరాలు. నాయన అందరి ముందర నా చెంప పగలగొట్టాడు. “నా కడుపుల ఎట్ల పుట్టినవ్‌రా” అన్నాడు. నేను కావాలని చేశానని ఆయన అనుకున్నాడు, దుకాణంలో కూర్చోవడం నాకు ఇష్టం లేదని ఆయనకు తెలుసు కాబట్టి. అది నిజంగా ఎరుపే అనుకున్నానని చెప్తే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు. అందుకే బండి ఎక్కాను.

ఇక్కడ పంతుళ్ళ ట్రైనింగులో ఉండగా స్నేహితులతో ఊరిబయట మిరపతోటకు పోయాను. తోటంతా ఎర్రగా పండింది, ఎంత బాగుందో అన్నారు వాళ్ళు. నాకు ఆకులే కనిపించాయి. చేత్తో తడిమితే కాయలున్నాయి. ఆ రోజు తెలిసింది నాకు. తెలిసినవాణ్ణి తెలిసినట్టే ఊరుకున్నాను. లెక్కల పంతులుకు సుద్దముక్క తెలుపు, బోర్డు నలుపు. ఇంకే రంగూ అక్కరలేదు.

కిషన్ సంగతి చదివినప్పటి నుంచి నిద్ర లేదు. వాడికి ఎట్లా వచ్చిందో నాకు అంతుపట్టలేదు, వాడు మన గోత్రం కాదు కదా. రామచందర్ మాత్రం నా కొడుకు. నా ఇంటిపేరు, నా గోత్రం, నా రక్తం. వాడు రంగులు సరిగ్గానే చెప్తాడు కానీ లోపల దాగి ఉండకుండా ఎక్కడికి పోతుంది? మీ ఇంట్లోనూ ఉంది, నా ఇంట్లోనూ ఉంది. ఆ రెండూ కలిస్తే పుట్టే పిల్లలకు రంగులే కాదు, చూపే లేకుండా పోతే? అహల్య గొంతు నా చేతులతో ఎట్లా కోస్తాను? అందుకే రాశాను అట్లా. అది మా ఇంటి కోడలు కావాలని దానికంటే నాకే ఎక్కువ ఉంది. అది మాత్రం నమ్ము.

ఈ సంగతి మీ వదినకు తెలియదు. రామచందర్‌కు తెలియదు. వాళ్ళకు రాయవద్దు.
నీ అన్న


నాంపల్లి
ఆగస్టు 2, 1964

అన్నా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నాయన మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం, అందుకని అంట్ల మీద చూపించాను. రెండు గ్లాసులు సొట్టపోయాయి.

తర్వాత పక్క పోర్షన్‌కు పోయాను. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది తెనాలి నుంచి వచ్చి మా దగ్గర కిరాయికి దిగారే, జానకమ్మగారు, ఆవిడ ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్తుంది. వాళ్ళాయన వరప్రసాద్‌గారిది సెక్రటేరియట్‌లో పని. మొదట్లో ఆవిడ “ఏవండీ ఏవండీ” అంటుంటే మా అత్తగారు, “గామె ఎప్పుడూ ఎవర్ని పిలుస్తది?” అని నన్ను అడిగేది. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆవకాయ పెడతారు. ఆవిడకు పేర్లు చెప్పకుండా అడుగుదామనుకున్నాను కానీ ఆవిడ ముందర దాపరికం చేతకాలేదు. చెప్పేశాను. కోప్పడకు.

నువ్వూ నేనూ మా అత్తగారూ ముగ్గురం ఒకటే పొరపాటు చేశాం అన్నా. గోత్రం నడిచే తోవలోనే కళ్ళు కూడా నడుస్తాయనుకున్నాం.

ఆవిడ అన్నది, “ఇది బఠాణీ మొక్కల లెక్క కాదండీ ప్రభావతిగారూ. ఆ లెక్కలో ఒక గుణం పైకి కనబడుద్ది, ఇంకోటి అణిగి ఉంటది, తల్లి ఇచ్చినా తండ్రి ఇచ్చినా ఒకటే. ఇక్కడ అలా కాదు. ఎవరు ఎవరికి ఇచ్చారన్నదే అసలు సంగతి.” నాకు ముక్క అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ తన చేతి గాజులు తీసి చాపమీద పెట్టింది. నీకు అలాగే చెప్తాను.

ఆడదానికి రెండు గాజులు అనుకో. మగవాడికి ఒక గాజు, ఒక కడియం. రంగులు చూపించే గుణం గాజులోనే ఉంది, కడియంలో లేదు. తల్లి ప్రతి బిడ్డకూ తన రెండింటిలో ఏదో ఒక గాజు ఇస్తుంది. తండ్రి కూతురికైతే తన గాజు ఇస్తాడు, కొడుక్కైతే కడియమే ఇస్తాడు. ఇప్పుడు ఒక గాజు బీటలిచ్చిందనుకో. ఆడదానికి రెండోది ఉంది, దానితో గడిచిపోతుంది, తనకు బీట ఉందన్న సంగతే తెలియదు. మగవాడికి ఉన్నదే ఒకటి. అది బీటదైతే వాడికి ఇంకో ఆసరా లేదు.

మన అమ్మకు ఒక బీటగాజు ఉండేది. నీకిచ్చింది. నాకూ ఇచ్చింది. నాకు నాయన ఇచ్చిన మంచి గాజు ఉంది కాబట్టి నేను అన్ని రంగులూ చూస్తున్నాను. నా బీటగాజు కిషన్‌కు పోయింది. వాడికి మేనమామ పోలిక అని అందరూ అంటుంటే ముక్కు గురించి అనుకున్నాను.

ఇక రామచందర్ సంగతి. నువ్వు వాడికి ఇచ్చింది కడియం. గాజు వదిన ఇచ్చింది. నీ బీట వాడిలో దాగి లేదు అన్నా, అసలు వాడి దాకా రానే లేదు. పిల్లలు గుడ్డివాళ్ళు పుడతారన్నది ఉత్త భయం, ఈ గుణం వల్ల చూపు పోదు.

ఇక్కడితో ఆపేసి ఉత్తరం మడిచి డబ్బాలో వేద్దామనుకున్నాను. అహల్య చేయి పట్టుకుంది. “సగం రాసి పంపకమ్మా. మామకు మొత్తం రాయి. తర్వాత తెలిస్తే నేను గా ఇంట్ల ఎట్ల తలెత్తుకుంట?” అన్నది.

మొత్తం రాస్తున్నాను. నా రెండు గాజుల్లో ఏది అహల్యకు పోయిందో తెలియదు. మంచిదే పోయి ఉండవచ్చు, బీటది పోయి ఉండవచ్చు, రెండింటికీ సమానంగా వీలుంది. బీటది పోయి ఉంటే దానికి పుట్టే కొడుకుల్లో కొందరికి నీలాంటి కళ్ళు రావచ్చు. ఎవరిని చేసుకున్నా అంతే. అంటే పెండ్లికొడుకు వైపు ఏ లోపమూ లేదు, ఉంటే గింటే మా పిల్ల వైపే. జానకమ్మగారు ఇంకొక మాట కూడా చెప్పింది. “నేను ఈ ఒక్క గుణం గురించే చెప్తున్నానండీ. మేనరికాల్లో వేరే చిక్కులు రావచ్చు. ఈ ఒక్కదానికి మాత్రం మేనరికమైనా పరాయి సంబంధమైనా తేడా లేదు.” మనిషి తూకం వేసినట్టు మాట్లాడుతుంది. అహల్య చామనచాయకు కూడా గాజుల లెక్కేనా అని అడిగితే, “అయ్యో, దానికి బోలెడు గాజులు కలవాలండీ. కొన్ని మీవి, కొన్ని ఆయనవి” అని నవ్వింది.

మా అత్తగారు గడపలో కూర్చుని అంతా విన్నది. “అంటే నా మనుమనికి గా కండ్లు నువ్విచ్చినవా?” అన్నది. “ఔ అత్తా. కోపం మీరిచ్చిన్రు” అన్నాను. ఆమె నవ్వలేదు కానీ ఆ రోజు నుంచి దిష్టి తీయడం మానేసింది.

వద్దంటే ఈసారి సరైన కారణం రాసి వద్దను. ఓర్చుకుంటాం. వదినకు మాత్రం చెప్పక తప్పదు. దాచి కోడల్ని తెచ్చుకోకు.
ప్రభ


నాంపల్లి
సెప్టెంబరు 6, 1964
(కార్డు)

అన్నా, నెల దాటింది. జవాబు లేదు. కిషన్ గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టి, నిన్ను చూస్తానని నీ దగ్గరికి వచ్చాడు కదా, వాడి దగ్గర నుంచి కూడా ఉలుకూ పలుకూ లేదు. అహల్య పోస్టుమాన్ కోసం చూడడం లేదని చెప్తూ పూటపూటా వాకిలి ఊడుస్తోంది. ఇంకో వారం ఇలాగే ఉంటే సిమెంటు లేచిపోతుంది. రెండు ముక్కలు రాయి, ఏవైనా సరే. ప్రభ.


హనుమకొండ
సెప్టెంబరు 11, 1964

ప్రభా,

ఆలస్యం చేసింది భయమే. మేస్త్రీ మీద పెట్టి తప్పించుకుందామనుకున్నాను కానీ ఇక ఆ అలవాటు మానుకుంటాను.

కిషన్ వచ్చిన రెండో రోజు వాణ్ణి వెంటబెట్టుకుని కూరగాయల అంగడికి పోయాను. ఇద్దరం ఏరి ఏరి టమాటలు తెచ్చాం. మీ వదిన సంచి గుమ్మరించి చూసి నవ్వు మొదలుపెట్టింది, ఆపితే ఒట్టు. సగానికి పైగా పచ్చివట. నేను ఇదే అదను అనుకుని నీ ఉత్తరం తీసి ఆమె చేతికిచ్చాను. “దాచిపెట్టిన, తప్పయింది” అన్నాను.

ఆమె చదవకముందే ఏమన్నదో విను. “మీకు రంగులు తెల్వవని నాకు తెల్వదా? పెండ్లయిన ఏడే తెలుసు. మీరు చెప్తలేరు గదా అని నేను అడగలే.” ఇన్నేళ్ళూ నా బట్టలన్నీ తెల్లవే ఎందుకు కొంటుందో, కూరగాయల సంచి నా చేతికి ఎందుకు ఇవ్వదో అప్పుడు అర్థమయింది. నేను ఆమె దగ్గర దాచానని గర్వపడుతుంటే ఆమె నన్నే దాచి కాపాడుకుంటూ వచ్చింది.

తర్వాత ఉత్తరం మొత్తం చదివింది. అహల్య రాయించిన భాగం దగ్గర ఆగి ఇంకోసారి చదివింది. ఆమె అన్నది ఇంతే. “పుడితే పుట్టనీ. ఈయనతోని నేను బతుకుతలేనా? గింత నిజం చెప్పే పిల్ల యాడ దొరుకుతది? జల్ది లగ్గం పెట్టుమనుండ్రి.”

రామచందర్‌ను కూర్చోబెట్టి చెప్పాను. వాడు అంతా విని, “బాపూ, చిన్నప్పుడు నేను రంగు పెన్సిళ్ళతోని బొమ్మలేసి తెస్తే నువ్వు మంచిగుంది అని పక్కకు పెట్టేటోనివి. నచ్చలేదనుకున్న” అన్నాడు. వాడి వీపు నిమిరాను. అహల్య సంగతి అడిగితే, “నన్ను అడిగేదేమున్నది, అత్త ఒప్పుకుంటే చాలు” అన్నాడు. ఆ అత్తవు నువ్వే, ఒప్పుకో.

ఇంకొక్క మాట రాయాలి. నేను పుట్టినప్పటి నుంచి అందరూ నాయన ముక్కు, నాయన నడక అనేవాళ్ళు. అమ్మ పోలిక అంతా నీకే పోయింది. అమ్మ పోయినప్పుడు అద్దంలో చాలా వెతుక్కున్నాను ప్రభా, ఆమెది ఒక్కటైనా నాలో ఉందా అని. ఏమీ దొరకలేదు. నీ ఉత్తరంలో అమ్మ గాజు నాకిచ్చింది అని చదివినచోట ఇక ముందుకు పోలేకపోయాను. ముప్పై ఏళ్ళు సిగ్గుపడ్డది అమ్మ ఇచ్చినదాని గురించా? ఆమెకు తెలియకుండానే ఇచ్చింది. నేను తెలియకుండానే దాచుకున్నాను. ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని మనవడి గురించి నిన్నంతా ఆలోచించాను. వాడికి అన్ని రంగులూ కనిపిస్తే మంచిదే. కనిపించకపోతే, ఒకరోజు ఆకుపచ్చ చేతబట్టుకుని ఎరుపని తెస్తాడు. తేనీ. వాడు అబద్ధం ఆడడం లేదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. వాడిమీద చేయెత్తేవాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు.
నీ అన్న
శ్యామ్‌సుందర్